ఎయిర్‌పోర్ట్ నుంచి మీరు దిగే ఏరియాకి ఎందులో వెళ్లాలి? ఫ్లైట్ ఎక్కకముందే తేల్చుకోండి

ఫ్లైట్ టికెట్ కోసం నాలుగు సైట్లు తిరగేసి, వారం రోజులు రేట్లు చూసి బుక్ చేస్తాం, ఎయిర్‌పోర్ట్ నుంచి రూమ్‌కి ఎలా వెళ్లాలి అన్నది మాత్రం దిగాక చూద్దాంలే అని వదిలేస్తాం. ఆ చూద్దాంలే దగ్గరే డబ్బులు పోతాయి. నిద్ర లేక కళ్లు మండుతూ, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవస్తూ, ట్రాలీ తోస్కుంటూ అరైవల్స్ బయట నిలబడి ఏది కనిపిస్తే అది ఎక్కేస్తాం కదా. ఇంట్లో ఓ ఇరవై నిమిషాలు కూర్చుంటే అయిపోయే పని ఇది.

ముందుగా, ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీకి ఎలా వెళ్లాలి అని వెతకడం ఆపేయండి. అలా వెతికితే వచ్చేవన్నీ సిటీ సెంటర్‌కి వెళ్లే దారులే, మీరు ఉండేది అక్కడ కాకపోవచ్చు. మీ ఇల్లో హోటలో దాని అడ్రస్ మ్యాప్‌లో పెట్టి అక్కణ్ణించి వెనక్కి రండి, దగ్గర్లో ఏ స్టేషన్ ఉంది, ఎంత నడవాలి, అది ఏ లైన్, ఆ లైన్ ఎయిర్‌పోర్ట్‌కి నేరుగా వస్తుందా లేక మధ్యలో మారాలా.

లండన్ హీత్రో చూడండి, ఒక్క ఎయిర్‌పోర్ట్‌కే మూడు రకాల రైళ్లున్నాయి. హీత్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కడా ఆగకుండా పావుగంటలో ప్యాడింగ్టన్‌లో దింపేస్తుంది, వినడానికి భలే ఉంటుంది, కానీ ప్యాడింగ్టన్ సిటీకి పడమటి వైపు, మీ రూమ్ తూర్పున వైట్‌చాపెల్‌లో ఉంటే అక్కడ దిగి మళ్లీ ఇంకో రైలు ఎక్కాలి. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ అయితే రైలు మారకుండా నేరుగా వైట్‌చాపెల్‌కే పోతుంది. అదే ఎర్ల్స్ కోర్ట్ దగ్గర ఉంటున్నారనుకోండి, అన్నిట్లో నెమ్మదిగా పోయే పికడిల్లీ లైనే మీకు కరెక్ట్, మీ స్టేషన్‌లోనే ఆగుతుంది. ఫాస్ట్ రైలు ఏది అని కాదు, మీ గుమ్మం దాకా మొత్తం ఎంత టైమ్ అని లెక్కేస్కోవాలి. షాంఘైలో మాగ్లెవ్, అంటే అయస్కాంతాల బలంతో తేలుతూ పోయే రైలు, కూడా అంతే, పుడాంగ్ ఎయిర్‌పోర్ట్ నుంచి 30 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో లాగేస్తుంది కానీ సిటీ సెంటర్ దాకా పోకుండా లాంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్ దగ్గర ఆపేస్తుంది, అక్కణ్ణించి మెట్రోనో టాక్సీనో చూస్కోవాల్సిందే. సరదాకి ఎక్కండి తప్పులేదు, పెట్టెలతో ఉన్నప్పుడు మాత్రం ఆలోచించండి.

ఇంకోటి, ఎయిర్‌పోర్ట్ పేరులో ఊరి పేరుంది కదా అని నమ్మెయ్యొద్దు. టోక్యోకి ఉన్న రెండు ఎయిర్‌పోర్టుల్లో హనేడా దగ్గర, నరీటా సుమారు 60 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అనేది ఫ్రాంక్‌ఫర్ట్‌కి దాదాపు 120 కిలోమీటర్లు, పారిస్ పేరు పెట్టుకున్న బోవే కూడా సుమారు 80 కిలోమీటర్ల దూరం. చీప్‌గా దొరికిన టికెట్‌కి ఈ రోడ్డు ఖర్చు కలిపి చూస్తే ఒక్కోసారి ఖరీదైన టికెట్టే చవక.

తర్వాత టైమ్. టికెట్ మీద రాసుండేది విమానం గేటు దగ్గరికి చేరే టైమ్, మీరు బయటికొచ్చే టైమ్ కాదు. విమానంలోంచి దిగాలి, ఇమిగ్రేషన్ లైన్, బెల్ట్ మీద బ్యాగులు, కస్టమ్స్, ఇవన్నీ కలిపి ఇంటర్నేషనల్ అయితే నేను గంటన్నర వేస్కుంటా, డొమెస్టిక్ అయితే చెక్ ఇన్ లగేజీ ఉంటే ముప్పావుగంట. రాత్రి పదిన్నరకి ల్యాండ్ అయ్యే ఫ్లైట్‌కి పన్నెండింటికి ఆఖరి రైలు ఉంది కదా అని ధీమాగా ఉంటే, ఫ్లైట్ అరగంట లేటైనా చాలు అయిపోయినట్టే. చాలా ఊళ్లలో మెట్రో అర్ధరాత్రి తర్వాత ఆగిపోయి తెల్లారగట్ల మళ్లీ మొదలవుతుంది, ఆదివారాలు టైమింగ్స్ వేరు. పైగా ఆఖరి రైలు ఎయిర్‌పోర్ట్‌లో దొరికినా మధ్యలో మారాల్సిన స్టేషన్‌లో మీ లైన్ ఆఖరి రైలు అప్పటికే పోయుండొచ్చు, దీన్ని ఎవరూ చూస్కోరు. యాప్‌లో ఇప్పటి టైమ్ కాకుండా మీరు బయటికొచ్చే రోజు, ఆ గంట పెట్టి వెతకండి, అప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. నైట్ బస్సులున్న ఊళ్లూ ఉన్నాయి, హీత్రో నుంచి ఎన్9 నంబర్ బస్సు రాత్రంతా తిరుగుతుంది, కాబట్టి రైలు పోతే టాక్సీ ఒక్కటే గతి అనుకోకండి.

లగేజీ విషయంలో మనవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇరవైమూడేసి కిలోల పెట్టెలు రెండు, చేతిలో ఒకటి, భుజానికి ఒకటి. ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో లిఫ్ట్ ఉంటుంది, సమస్యంతా మీరు దిగే స్టేషన్‌లోనే. లండన్ అండర్‌గ్రౌండ్‌లో పాత స్టేషన్లు చాలావాటికి లిఫ్టులు లేవు, పెట్టె పట్టుకుని మెట్లెక్కి, మలుపు తిరిగి, మళ్లీ మెట్లు. మెట్రో మ్యాప్‌లో వీల్‌చైర్ గుర్తు ఉన్న స్టేషన్లు చూస్కోండి, ఆ గుర్తు ఉంటే పెట్టెలకీ దారున్నట్టే. ఒక స్టేషన్ అవతలైనా సరే లిఫ్ట్ ఉన్నదాంట్లో దిగి అక్కణ్ణించి చిన్న టాక్సీ పట్టుకోవడం హాయి. ఈ సగం రైలు సగం టాక్సీ పద్ధతి నాకు బాగా ఇష్టం, ట్రాఫిక్ ఉండే పెద్ద ముక్క రైల్లో పోతుంది, నడక ఉండే చిన్న ముక్క కార్లో పోతుంది.

ఎంతమంది అన్నది కూడా చూడాలి. ఒక్కరే అయితే రైలో బస్సో, నలుగురైతే నాలుగు రైలు టికెట్లు కలిపి టాక్సీ రేటుతో పోల్చండి, ఎక్స్‌ప్రెస్ రైలైతే తేడా పెద్దగా ఉండకపోవచ్చు. కాకపోతే నలుగురు పట్టే కార్లో నాలుగు పెద్ద పెట్టెలు పట్టవు, పెద్ద బండి అని ముందే చెప్పాలి. చంటిపిల్ల ఉంటే కార్ సీట్ కూడా ముందే అడగండి.

టాక్సీ దగ్గర ఫిక్స్‌డ్ రేటు ఉందా అని మొదట చూడండి. న్యూయార్క్ జేఎఫ్‌కే నుంచి మాన్‌హాటన్‌కి యెల్లో క్యాబ్‌కి ఫ్లాట్ ఫేర్ ఉంది, ట్రాఫిక్‌లో గంట ఇరుక్కున్నా మారదు, టోల్, టిప్ లాంటివి మాత్రం వేరు. కానీ అది మాన్‌హాటన్‌కే, బ్రూక్లిన్ వెళ్తే మీటరే. పారిస్ చార్ల్స్ డి గోల్ నుంచి కూడా ఫిక్స్‌డే, సేన్ నదికి ఏ వైపు వెళ్తున్నారన్న దాన్నిబట్టి రెండు రేట్లు, ఊరి బయటి ఏరియా అయితే మళ్లీ మీటరే. అందుకే డ్రైవర్‌కి సిటీ పేరు కాదు, ఏరియా పేరు చెప్పి రేటు అడగాలి. లోపల చెవి దగ్గరికొచ్చి టాక్సీ టాక్సీ అంటూ ట్రాలీ మీద చెయ్యేసేవాళ్లని పట్టించుకోకుండా బోర్డు ఉన్న క్యూలో నిలబడండి.

యాప్ క్యాబ్ అయితే బ్యాగులు చేతికొచ్చాకే బుక్ చెయ్యండి, ముందే చేస్తే వెయిటింగ్ ఛార్జీ పడుతుంది. పికప్ పాయింట్ చాలా ఎయిర్‌పోర్టుల్లో గేటు ముందు ఉండదు, కార్ పార్కింగ్‌లో ఏదో లెవెల్, ఏదో పిల్లర్ నంబర్, మీరు ఒక ఫ్లోర్‌లో డ్రైవర్ ఇంకో ఫ్లోర్‌లో ఉండి ఫోన్లో ఎక్కడున్నారు ఎక్కడున్నారు అని అరుచుకోవాలి, అదీ లోకల్ సిమ్ ఉంటేనే. నాలుగు ఫ్లైట్లు ఒకేసారి దిగినప్పుడు రేటు పెరిగిపోతుంది, అప్పుడు క్యూలో ఉండే మీటర్ టాక్సీయే చవక కావచ్చు, రెండూ చూసి ఎక్కండి.

బస్సుని మాత్రం తక్కువ చూడొద్దు. టోక్యోలో లిమోసిన్ బస్సులు (ఎయిర్‌పోర్ట్ నుంచి నడిచే బస్సుల పేరే అది) కొన్ని హోటళ్ల గుమ్మం ముందే ఆగుతాయి, పెట్టెలు కింద డిక్కీలో పెట్టి ట్యాగ్ ఇస్తారు, మెట్లు లేవు మారడాలు లేవు. ట్రాఫిక్ టైమ్‌లో లేటవుతుంది, అంతే.

ఇవన్నీ చూసి ఒకటి మెయిన్, ఒకటి స్టాండ్‌బై పెట్టుకుని, హోటల్ అడ్రస్ ఆ ఊరి భాషలో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా డౌన్‌లోడ్ చేస్కోండి. కొన్ని ఊళ్లలో ఎయిర్‌పోర్ట్ స్టేషన్ వాడినందుకే ఎక్స్‌ట్రా వేస్తారు, సిడ్నీలో ఉంది అది, ట్రాన్స్‌పోర్ట్ కార్డులో బ్యాలెన్స్ వేసేటప్పుడు గుర్తుంచుకోండి. రిటర్న్‌కి మాత్రం వచ్చిన దారే అనుకోకండి, పొద్దున ఆరింటి ఫ్లైట్‌కి ఫస్ట్ మెట్రో అందదు, ముందురోజు సాయంత్రమే క్యాబ్ చెప్పి పడుకోండి.