అమెరికా కాంగ్రెస్ సభ్యుడి ఓటు వెనుక ఉన్నది పార్టీయా, కంపెనీల డబ్బా? తెలుసుకోవడం ఎలా?

అమెరికా చట్టసభలో ఒక సభ్యుడు వేసిన ఓటు పార్టీ కట్టుబాటు వల్ల పడిందా, కంపెనీల పలుకుబడి వల్ల పడిందా అన్నది టీవీ చర్చల్లో తేలదు. దాన్ని పరిశీలించడానికి కావలసిన రికార్డులు మాత్రం చాలావరకు చట్టప్రకారం ఎవరైనా ఉచితంగా చూడగలిగేలా ఉన్నాయి. అక్కడ పౌరసత్వం పొంది ఓటు వేస్తున్న తెలుగువాళ్లు పార్టీ పేరు దగ్గరే ఆగిపోకుండా ఈ రికార్డులను చదవడం నేర్చుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

1. ముందు ఒక అంశాన్ని ఎంచుకోండి

సభ్యుడి పేరుతో వెతకడం మొదలుపెడితే మనకు ముందే ఉన్న అభిమానమో, కోపమో దారి చూపిస్తుంది. అందువల్ల అంశంతో మొదలుపెట్టడం మేలు. ఉదాహరణకు మందుల ధరలను తీసుకుందాం. వృద్ధుల ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్ తరఫున ప్రభుత్వం కంపెనీలతో ధరలపై బేరమాడకూడదని 2003 నాటి చట్టం నిషేధించింది. ప్రతినిధుల సభలో ఆ బిల్లుపై ఓటింగ్‌ను తెల్లవారుజామున దాదాపు మూడు గంటలు సాగదీసి, చివరకు 220-215 తేడాతో గట్టెక్కించారు. ఆ బిల్లును నడిపించిన ముఖ్యుల్లో ఒకరైన కమిటీ ఛైర్మన్ బిల్లీ టౌజిన్, 2005లో మందుల కంపెనీల సంఘానికి అధిపతి అయ్యారు. ఆ నిషేధం కొంతమేరకైనా సడలడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది.

2. తుది ఓటుతో ఆగకండి, కమిటీ ఓటు కూడా చూడండి

కాంగ్రెస్ అధికారిక వెబ్‌సైట్‌లో బిల్లు పేరు వెతికితే ఏ సభ్యుడు ఎటు ఓటు వేశారో పేరుపేరునా కనిపిస్తుంది. ఆ నిషేధాన్ని సడలించిన 2022 బిల్లుకు సెనెట్‌లో 50-50 ఓట్లు రాగా, అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో అది గట్టెక్కింది. ఒక్క రిపబ్లికన్ సభ్యుడు కూడా దానికి అనుకూలంగా ఓటు వేయలేదు. ఇంతవరకే చూస్తే అంతా పార్టీ వ్యవహారమే అనిపిస్తుంది. అయితే 2021 సెప్టెంబరులో ప్రతినిధుల సభ ఇంధన, వాణిజ్య కమిటీలో ముగ్గురు డెమోక్రాట్లు సొంత పార్టీ తెచ్చిన ధరల ప్రతిపాదనకే అడ్డుపడ్డారు, 29-29తో అది అక్కడ ఆగిపోయింది. మరోవైపు, ప్రైవేటు బీమా ఉన్నవారికి కూడా ఇన్సులిన్ ఖర్చు నెలకు 35 డాలర్లు దాటకూడదన్న నిబంధనకు 2022లో సెనెట్‌లో ఏడుగురు రిపబ్లికన్లు మద్దతిచ్చారు. అయినా 60 ఓట్లు కావలసిన చోట 57 మాత్రమే వచ్చి అది వీగిపోయింది. పార్టీ గీత ఎక్కడ చెదిరిందో అక్కడే మీ పరిశీలన మొదలుకావాలి.

3. విరాళాల లెక్క తీయండి

ఫెడరల్ ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో సభ్యుడి పేరు కొట్టి, ఎన్నికల కాలాన్ని ఎంచుకుని, వసూళ్ల పట్టిక తెరవండి. మొత్తం 200 డాలర్లు దాటి ఇచ్చిన వ్యక్తుల ఉద్యోగం, యాజమాన్యం వివరాలు కూడా అందులో ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. 1907 నుంచి కంపెనీలు ఫెడరల్ అభ్యర్థులకు నేరుగా డబ్బు ఇవ్వడం నిషిద్ధం. కాబట్టి "ఫలానా కంపెనీ ఇంత ఇచ్చింది" అన్న వార్తలో సాధారణంగా రెండు వేర్వేరు మొత్తాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ఉద్యోగుల చందాలతో నడిచే కంపెనీ రాజకీయ కమిటీ, అంటే ప్యాక్, ఇచ్చినది. సాధారణంగా దాని పరిమితి ఒక్కో ఎన్నికకు 5,000 డాలర్లు. రెండోది, ఆ కంపెనీలో పనిచేసేవారు తమ ఇష్టంతో విడివిడిగా ఇచ్చినది. ఒక ఇంజనీరు గర్భస్రావ హక్కుల కోసమో, తుపాకుల చట్టం కోసమో ఇచ్చిన 250 డాలర్లను మందుల కంపెనీ ఖాతాలో వేయడం అన్యాయం. అందుకే ఈ రెండింటినీ విడదీసి రాసుకోండి. యాక్ట్‌బ్లూ, విన్‌రెడ్ అనే పేర్లు కనిపిస్తే అవి విరాళాలను చేరవేసే వేదికలని గుర్తుంచుకోండి.

ఆ తర్వాత ఆ సభ్యుడికి అనుకూలంగానో, వ్యతిరేకంగానో బయటివారు పెట్టిన ఖర్చుల పట్టిక చూడండి. ఎన్నికల్లో కంపెనీలు సొంతంగా ఖర్చు పెట్టడంపై ఉన్న ఆంక్షలను ఎత్తేస్తూ 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, దాని వెంటే వచ్చిన మరో కోర్టు తీర్పు తర్వాత పుట్టిన సూపర్ ప్యాక్‌లు ఎంతైనా వసూలు చేసి ఖర్చు పెట్టవచ్చు. అవి దాతల పేర్లు చెప్పాలి. కానీ ఆ దాత తన దాతలను వెల్లడించనక్కరలేని సంస్థ అయితే జాడ అక్కడితో తెగిపోతుంది. అలాంటి చోట ఊహతో ఖాళీ నింపకండి.

ఎన్నికల కమిషన్ విరాళాల జాబితాలోని వ్యక్తుల పేర్లను చందాల వసూలుకో, వ్యాపారానికో వాడుకోవడం చట్టవిరుద్ధం.

4. లాబీయింగ్ నివేదికలు చదవండి

లాబీయింగ్ అంటే చట్టాలు తమకు అనుకూలంగా ఉండేలా చట్టసభ సభ్యులను, అధికారులను ఒప్పించే పని. నా దృష్టిలో విరాళాలకన్నా ఈ నివేదికలే ఎక్కువ చెబుతాయి. సెనెట్ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతికితే ప్రతి మూడు నెలలకు అది పెట్టిన ఖర్చు, ఏయే బిల్లులపై పనిచేసిందీ కనిపిస్తాయి. లాబీయిస్టు గతంలో ఏ సభ్యుడి కార్యాలయంలో పనిచేశారో కూడా నమోదు పత్రాల్లో వెతకండి. ఎవరిని కలిశారన్నది, బిల్లును సమర్థించారా వ్యతిరేకించారా అన్నది మాత్రం ఈ నివేదికలు చెప్పవు.

5. తేదీల వారీగా పక్కపక్కన పెట్టండి

కమిటీ ఓటు, విరాళం, లాబీయింగ్ నివేదిక, తుది ఓటు అన్నింటినీ ఒకే కాగితంపై తేదీల క్రమంలో రాయండి. డబ్బు వచ్చాక ఓటు పడిందంటే డబ్బు వల్లనే పడిందని రుజువు కాదు, ఎందుకంటే మొదటి నుంచీ తమ మాట మాట్లాడేవారికే కంపెనీలు తరచూ విరాళాలిస్తాయి. అందువల్ల ఆ సభ్యుడు అంతకుముందు అదే అంశంపై ఏమన్నారో వెతికి, మాట మారిన తేదీ ఏదైనా ఉంటే గుర్తుపెట్టండి. ఆ తేదీని చూపించి, కారణం ఏమిటని ఆయన కార్యాలయానికి లిఖితపూర్వకంగా రాయండి. లాబీయింగ్ నివేదికలు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో 20వ తేదీకల్లా దాఖలు కావాలి గనుక, ఆ తేదీల తర్వాత మీ కాగితాన్ని మళ్లీ సరిచూసుకోండి.