రూపచిత్రాన్ని చదవడం – 4వ పాఠం: నలుపు ఖరీదు

పోయిన పాఠంలో మార్టెన్ సోల్మన్స్, ఓప్యెన్ కాపిట్ దంపతుల చిత్రాలు చూసి, వాళ్లెలాంటివాళ్లో రాయమన్నాను. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1634లో గీసిన జంట అది. ఎక్కువమంది ‘నల్లబట్టలు కట్టారు కాబట్టి నిరాడంబరులు’ అని రాశారు. ఇంట్లో ఎవరో పోయి ఉంటారని కూడా కొందరు ఊహించారు. చేతితొడుగుల పాఠాన్ని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. ఈ నలుపు సంగతి తేలనిదే ముందుకు వెళ్లలేం.

ఆ కాలంలో చౌకగా నల్లరంగు వేయాలంటే మాచికాయ కషాయం, ఇనుప లవణం చాలు. కానీ ఆ నలుపు కొన్నాళ్లకు గోధుమరంగుకు తిరిగేది, బట్టను తినేసేది. నిలిచే నలుపు కావాలంటే ముందు నీలిమందులో ముదురు నీలం పట్టించాలి, ఆపైన మళ్లీ మళ్లీ ఇతర రంగుల్లో ముంచాలి. ఒక్కో ముంపుకీ మందు, కూలి, రోజులు. అందుకే నిగనిగలాడే నల్లపట్టు డబ్బున్నవాళ్ల బట్ట.

మరి నిజంగా నిరాడంబరులు నలుపు కట్టలేదా? కట్టారు. సాదా జీవితాన్ని నియమంగా పెట్టుకున్న మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖవాళ్లు కట్టారు. తేడా రంగులో కనిపించదు, అంచుల్లో కనిపిస్తుంది. వాళ్ల తెల్ల కాలరుకు లేసు ఉండదు. మార్టెన్‌ను చూడండి: భుజాల మీద పరుచుకున్న లేసు, మోకాళ్ల దగ్గర లేసు కుచ్చులు, బూట్ల మీద విచ్చుకున్న పెద్ద పువ్వులు. అతడు ప్రభువు కాడు, ఆమ్‌స్టర్‌డామ్‌లో చక్కెర శుద్ధిచేసే వ్యాపారి కొడుకు. అయినా రాజులకూ ప్రభువులకూ అలవాటైన నిలువెత్తు కొలతలో గీయించుకున్నాడు. ‘నిరాడంబరుడు’ అన్నవాళ్లు ఆ బూట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటే ఆ మాట రాసేవారు కాదు.

నేనైతే ముఖం చివర చూస్తాను. ముఖం మనల్ని తొందరగా లొంగదీస్తుంది. రెంబ్రాంట్ 1654లో గీసిన, ఆమ్‌స్టర్‌డామ్ సంపన్నుడు యాన్ సిక్స్ చిత్రంలో ఎర్రని పైవస్త్రం మీది బంగారు పట్టీలను దగ్గరగా చూడండి. ఒక్కో పట్టీ ఒకే కుంచెవేటు, మళ్లీ దిద్దలేదు. చేతికి తొడుగు వేసుకుంటూ బయటికి వెళ్లబోతున్న మనిషి తొందర ఆ వేటులోనే ఉంది. స్వభావాన్ని కళ్లలోనే వెతకనవసరం లేదు.



అభ్యాసం: అదే కాలపు డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ గీసిన, బట్టల వ్యాపారి విల్లెమ్ వాన్ హేత్‌హౌసెన్ చిత్రాలు రెండు తీసుకోండి. ఒకదానిలో నిలబడి, కత్తి మొన నేలకు ఆనించి, నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. మరోదానిలో కుర్చీని వెనక్కి వాల్చి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. మనిషి ఒకడే. రెండింటిలోనూ ముఖాన్ని బొటనవేలితో మూసి, ఒక్కోదాన్ని ఇరవై నిమిషాలు చూడండి. ఒక్కోదానికి పేజీ చొప్పున రాయండి. ‘గర్వం’, ‘హుందా’ అన్న మాటలు వాడకూడదు. మోచేతి గురించి, బట్ట మడతల గురించి రాయండి. వేలు తీసేది రాయడం పూర్తయ్యాకే.