బండి స్టార్ట్ కాకపోతే ఏ వరుసలో చూసుకోవాలి?

అలిపిరి దగ్గర బండి నిలిపి, 3,550 మెట్లెక్కి, దర్శనం చేసుకుని మరునాడు దిగివచ్చిన మనిషికి కాళ్లలో సత్తువ మిగలదు. రాత్రంతా వానలో నానిన బండి ఆ సమయంలో మొండికేస్తే సెల్ఫ్ బటన్‌ను అదేపనిగా నొక్కాలనిపిస్తుంది. చిన్న లోపాన్ని పెద్దది చేసేది ఆ నొక్కుడే. ఒక్కో ప్రయత్నం ఐదు సెకన్లకు మించకూడదు, మధ్యలో పదిహేను సెకన్లయినా ఆగాలి. లేకపోతే బాగున్న బ్యాటరీ కూడా దిగిపోయి, అసలు కారణం ఏదో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

మొదట పనిముట్లు అక్కరలేనివన్నీ చూసుకోవాలి. హ్యాండిల్ కుడివైపు ఉండే ఎర్రటి కిల్ స్విచ్‌ను (ఇంజను ఆపే మీట), కిక్కిరిసిన పార్కింగులో పక్క బండి తీసుకునేవారి చెయ్యి తగిలి ఆఫ్ అయిందేమో గమనించండి. న్యూట్రల్ దీపం వెలుగుతోందా, సైడ్ స్టాండ్ పూర్తిగా పైకి లేచిందా చూసి, క్లచ్‌ను చివరిదాకా పట్టుకుని మళ్లీ ప్రయత్నించండి. పెట్రోల్ ముల్లును నమ్మవద్దు. ట్యాంకు మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపితే ఎంత ఉందో చప్పుడే చెబుతుంది. చీకట్లో చూడటానికి టార్చి వాడాలి తప్ప అగ్గిపుల్ల గీయరాదు. పాత కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) బండి అయితే ట్యాంకు కింది పెట్రోల్ కాక్‌ను రిజర్వ్‌కు తిప్పి ఒక నిమిషం ఆగాలి, ఇంజను చల్లగా ఉంటే పెట్రోల్ పాలు పెంచే చోక్ లాగాలి.

తరువాత చెవి పెట్టి వినాలి. నా దృష్టిలో ఇంటి దగ్గర చేయగల పరీక్షల్లో ఇంతకు మించినది లేదు. తాళం తిప్పినా ఏ దీపమూ వెలగకపోతే ఫ్యూజు కాలిపోయి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీగ వదులై ఉండవచ్చు. కాలిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్ల ఫ్యూజునే పెట్టాలి. రాగి తీగ చుట్టి పని గడుపుకుంటే వైరింగు మొత్తం కాలిపోయే ప్రమాదముంది. దీపాలు వెలుగుతూ, సెల్ఫ్ నొక్కినప్పుడు టక్కుటక్కుమనే శబ్దం మాత్రమే వస్తూ హారన్ కూడా నీరసంగా మోగితే బ్యాటరీ దిగిపోయినట్లే. నిండుగా చార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. కిక్ ఉంటే కిక్ కొట్టండి. లేకపోతే వాహనాల రద్దీ లేని పల్లంలో రెండో గేరు వేసి, క్లచ్ పట్టుకుని బండిని దొర్లించి, వేగం అందుకున్నాక క్లచ్ వదలండి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక, కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటర్‌కు బదులు పెట్రోల్‌ను కరెంటు సాయంతో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటోంది. ఇవి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా సాధారణంగా లేవవు, ఎందుకంటే పెట్రోల్ పంపు నడవడానికీ కరెంటే కావాలి. తాళం తిప్పగానే ట్యాంకు లోపలినుంచి ఒకటి రెండు సెకన్లపాటు సన్నటి గుయ్‌మనే శబ్దం రావాలి. అది రాకపోతే మెకానిక్‌కే చూపించాలి.

ఇంజను చురుగ్గా తిరుగుతూ అంటుకోకపోతే లోపం పెట్రోల్‌లోనో, దాన్ని మండించే నిప్పురవ్వ (స్పార్కు) ఇచ్చే ప్లగ్గులోనో ఉంటుంది. పెట్రోల్ వాసన గుప్పున కొడుతుంటే లోపల ఎక్కువైందని అర్థం. అప్పుడు లాగిన చోక్‌ను వెనక్కి నెట్టేసి, ఎక్స్‌లరేటర్ పూర్తిగా తిప్పి ఉంచి ఏడెనిమిదిసార్లు కిక్ కొడితే అదనపు పెట్రోల్ బయటికి పోతుంది. ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే ఆరబెట్టాలి, నల్లటి మసి ఉంటే మెత్తటి బ్రష్షుతో తుడవాలి, పింగాణీ పగిలి ఉంటే మార్చాలి. స్పార్కు వస్తోందో లేదో తేల్చడానికి ప్లగ్గును ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొట్టడం చాలామందికి అలవాటు. ప్లగ్గు విప్పిన రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది కనుక ఆ పని షెడ్డుకు వదిలేయడమే క్షేమం. కొత్త ప్లగ్గు వేసి చూసినా సందేహం తీరుతుంది.

వాన తరువాత మాత్రమే మొరాయించే బండికి ప్లగ్గు క్యాప్ ఊడదీసి, లోపలి తడిని పొడిగుడ్డతో తుడిచి గట్టిగా నొక్కి పెడితే చాలాసార్లు సరిపోతుంది. ట్యాంకు మూత చుట్టూ చేరిన నీరు పోయే సన్న గొట్టం మట్టితో పూడుకుంటే ఆ నీరు పెట్రోల్‌లో కలుస్తుంది. అలాంటప్పుడు ట్యాంకు ఖాళీ చేయించక తప్పదు.

వరద సంగతి వేరు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు ఎన్నో బండ్లు నీట మునిగాయి. మునిగిన బండిని పొరపాటున కూడా స్టార్ట్ చేయవద్దు, తోసి నడపాలని చూడవద్దు. నొక్కితే గాలిలా నీరు కుంచించుకుపోదు కాబట్టి, సిలిండర్‌లో చేరిన నీటిమీదికి పిస్టన్ దూసుకొస్తే దాన్ని కదిలించే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ తీగ విప్పి, బండిని షెడ్డుకు తరలించి, ప్లగ్గు తీయించి నీరు వదిలించండి, ఎయిర్ ఫిల్టర్ చూపించండి. ఇంజను ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులోకి మారి ఉంటే అందులో నీరు కలిసినట్లే. దాన్ని పూర్తిగా మార్పించాకే తాళం తిప్పండి.