ఇంగ్లిష్ టీచరుగా విదేశం వెళ్తున్నారా? ఉండే ఊరు, ఇల్లు ఎలా ఎంచుకోవాలి?

బదిలీల కౌన్సెలింగ్ రోజుల్లో శ్రీకాకుళంలో టీచర్లు మాట్లాడుకునేది ఎప్పుడైనా విన్నారా? ఖాళీల జాబితాలో స్కూలు పేరు కనపడగానే ముందు అడిగేది "బస్సుందా?" అని. తర్వాత "కాంప్లెక్స్ నుంచి ఎంతసేపు?", "అక్కడ అద్దెకి ఇల్లు దొరుకుతుందా?", "నీళ్లెలా ఉంటాయి?" సీతంపేట కొండల్లో స్కూలైతే ఒక లెక్క, నరసన్నపేట హైవే పక్కనైతే ఇంకో లెక్క. విశాఖ నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేసే టీచరుని అడగండి, ఏ రైలు ఎన్నింటికి ఆమదాలవలస చేరుతుందో నిద్రలో లేపినా చెబుతారు.

అదే మనిషికి విదేశంలో ఉద్యోగం వస్తే మాత్రం జీతం ఎంతన్నదే అడుగుతారు. నేనూ అలాగే వెళ్లాను. మాది ఉద్దానం. బీఎడ్ అయ్యాక ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పి, తర్వాత మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో మూడేళ్లు ఇంగ్లిష్ చెప్పి వచ్చాను. మా చెల్లి దుబాయ్‌లో టీచరు, ఉండేది షార్జాలో. మా ఇద్దరి అనుభవం చూశాక ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను: కౌన్సెలింగ్ రోజున వాడే బుర్రే అక్కడికీ వాడండి. వరసగా ఎలాగో చెబుతాను.

1. మన కాగితాలు ఏ దేశంలో చెల్లుతాయో చూడండి

ఊరి సంగతి ఆ తర్వాతే. "ఇంగ్లిష్ టీచర్లు కావలెను" అన్న ప్రతిచోటా మనకి వీసా రాదు. చైనాలో భాష నేర్పే టీచరుకి మామూలుగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్టు అడుగుతారు. దక్షిణ కొరియా ఇచ్చే ఈ-2 వీసా కూడా ప్రధానంగా 7 దేశాల వాళ్లకే: అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. అయితే 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం (సెపా) వల్ల, డిగ్రీతో పాటు టీచరు అర్హత ఉన్న భారతీయులకి అక్కడి ప్రభుత్వ స్కూళ్లలో ఇంగ్లిష్ సహాయ టీచర్లుగా చేరే వీలుంది. జపాన్‌లో సాధారణంగా 12 ఏళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు చూపించాలి. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివిన మనవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. థాయ్‌లాండ్, వియత్నాంలలో దారి ఉంది గానీ డిగ్రీకి తోడు ఇంగ్లిష్ పరీక్ష స్కోరో, టీచింగ్ సర్టిఫికెట్టో కావాలంటారు. బీఎడ్ ఉన్నవాళ్లకి బాగా అలవాటైన దారులు రెండు: గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూళ్లు, మాల్దీవుల స్కూళ్లు.

సర్టిఫికెట్ల అటెస్టేషన్ పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. మన దేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. అపోస్టిల్ అంటే, ఆ ఒప్పందంలో ఉన్న దేశాలు ఎంబసీ ముద్ర అడక్కుండా ఒప్పుకునే ధ్రువీకరణ. కొరియా, జపాన్, ఒమన్ లాంటి చోట్లకి మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ సరిపోతుంది. యూఏఈ అందులో లేదు, ఎంబసీ ముద్ర కూడా పడాలి. ఇల్లు వెతుక్కోవడానికీ దీనికీ ఏం సంబంధం అనిపిస్తుంది. కాగితాలు ఆలస్యమైతే వీసా ఆలస్యం, వీసా ఆలస్యమైతే యూఏఈలో ఇచ్చే గుర్తింపు కార్డు, ఎమిరేట్స్ ఐడీ ఆలస్యం. అది చేతికి రాందే మీ పేరు మీద అద్దె అగ్రిమెంటు కావడం కష్టం. మా చెల్లి రెండు నెలలు ఇంకొకరి ఇంట్లో బెడ్ స్పేస్‌లో, అంటే ఒక్క మంచం చోటు అద్దెకి తీసుకుని ఉంది ఇందుకే.

2. ఏజెంటుని ఇంటి అడ్రసు అడగండి

2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన పిల్లల్ని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. టీచరు ఉద్యోగం పేరుతోనూ అలా జరగకూడదని లేదు. ఏజెంటు మన విదేశాంగ శాఖ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ అయ్యాడా లేదా చూడండి. చట్టప్రకారం అతను తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే. "టూరిస్టు వీసా మీద వచ్చేయండి, అక్కడ మార్చేద్దాం" అన్నాడంటే ఇక ఆ మాట కొనసాగించక్కర్లేదు. నేనైతే ఒక్క ప్రశ్న వేస్తాను: "మేం ఉండబోయే ఇంటి అడ్రసు పంపండి, మ్యాప్‌లో చూసుకుంటాం." నిజంగా స్కూలు తరఫున మాట్లాడేవాళ్లయితే అడ్రసో, కనీసం వీధి పేరో చెప్పగలరు.

3. "వసతి ఉంది" అన్న మాటని విప్పించండి

నా కాంట్రాక్టులో వసతి స్కూలే ఇస్తుందని రాసుంది. ఆ ఒక్క ముక్క చూసి ఇంట్లో అందరం ధైర్యంగా ఉన్నాం. తీరా దిగి చూస్తే ఒకే గదిలో ముగ్గురం. మంచాలు రెండే, నాకు కింద పరుపు. వంటగది ఇంటివాళ్లది, పొయ్యి ఖాళీ అయ్యేసరికి రాత్రి ఎనిమిది. స్కూలు వాళ్లని అడిగితే "వసతి ఇస్తామన్నాం, ఇచ్చాం" అన్నారు. కాంట్రాక్టులో ఉన్నది అంతే మరి. ఆ గది మారడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ నా పాఠాల మీద కూడా ఆ అలసట పడింది, పిల్లలకి రావలసినంత రాలేదని ఇప్పటికీ బాధే.

అందుకని సంతకం చేసే ముందే ఈమెయిల్లో రాయించుకోండి. గది నాకొక్కదానికేనా, ఎంతమందికి? బాత్రూమ్ విడిగా ఉందా? వంటగది ఉందా, ఎవరితో పంచుకోవాలి? కరెంటు, నీళ్లు, నెట్ బిల్లు ఎవరిది? ఏసీ ఉందా? స్కూలు ఎంత దూరం, నడిచి వెళ్లొచ్చా? సెలవుల నెలల్లో కూడా అక్కడే ఉండొచ్చా? ఉద్యోగం మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి? పెళ్లయినవాళ్లు భర్తనో భార్యనో తీసుకొస్తే అదే ఇల్లా, వేరే ఇల్లా? ఫోన్‌లో "అన్నీ ఉంటాయి మేడమ్" అంటే లెక్కలోకి రాదు. గది వీడియో పంపమనండి. సిగ్గుపడకండి, మన ఊళ్లో టులెట్ బోర్డు చూసి లోపలికెళ్లినా ఇవన్నీ అడుగుతాం కదా.

ఇల్లు కాకుండా అలవెన్స్ ఇస్తామంటే ఆ ఊళ్లో మామూలు అద్దెతో పోల్చి చూడండి. తక్కువ పడేది మీ జీతంలోంచే పోతుంది. ఇంకో సంగతి, మిగిలిన డబ్బు ఇంటికి పంపగలరా అన్నది కూడా తెలుసుకోండి. మాల్దీవుల్లో జీతం రుఫియాల్లో వస్తుంది, అక్కడ డాలర్లకి కొరత. నెలకి ఎంత పంపొచ్చో బ్యాంకు పరిమితి పెడుతుంది. ఇక్కడ లోను కట్టాల్సినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. యూఏఈ దిర్హామ్‌తో ఆ బాధ లేదు.

4. నీళ్లు, డాక్టరు, దారి

ఉద్దానం మనిషిని కాబట్టి నాకు ఇల్లంటే ముందు నీళ్లే. కిడ్నీ జబ్బులతో ఊళ్లకి ఊళ్లే కుంగిపోవడం చూస్తూ పెరిగాం. నేను దీవిలో దిగిన రోజు మా అమ్మ ఫోన్ చేసి తిన్నావా అని కూడా అడగలేదు, "నీళ్లెలాగున్నాయే?" అంది.

మాల్దీవుల్లో తాగేది వాన నీళ్లు, లేదంటే సముద్రపు నీటిలోని ఉప్పు తీసి ఇచ్చే నీళ్లు. నేలలో మంచినీటి పొర చాలా పల్చన. 2004 సునామీకి ఎన్నో దీవుల్లో బావులు ఉప్పబడ్డాయి. మా ఇంటి పెరట్లో పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు ఉండేది, రేకు కప్పు మీద పడ్డ వాన గొట్టంలోంచి దాన్లోకి దిగేది. స్నానానికి మాత్రం బావి నీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. మొదటి రాత్రి రెండు స్టీలు గ్లాసుల్లో ఆ నీళ్లూ ఈ నీళ్లూ పట్టి కిటికీలో పెట్టాను. పొద్దున చూస్తే ట్యాంకు నీళ్లు తేటగా ఉన్నాయి. బావి గ్లాసు అడుగున సన్నటి పసుపు మడ్డి, అంచు వెంబడి తెల్లటి గీత. గ్లాసుతో అన్నీ తెలియవు, కంటికి కనపడనివి కూడా నీళ్లలో ఉంటాయని మా ఊరివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ గ్లాసు చూపించాకే ఇంటావిడ ట్యాంకు ఎప్పుడు కడిగిందో, వేసవిలో నీళ్లు ఏ నెలకి అడుగంటుతాయో విడమర్చి చెప్పింది. మీరు ఏ దేశం వెళ్లినా ఈ రెండూ అడగండి: తాగే నీళ్లు ఎక్కడివి, ఏ నెలలో ఇబ్బంది?

డాక్టరు సంగతీ అంతే. మా దీవిలో హెల్త్ సెంటర్ ఉంది, జ్వరానికి చాలు. స్కానింగ్ కావాలంటే ఇంకో దీవికి స్పీడ్ బోటులో వెళ్లాలి. నైరుతి రుతుపవనాల నెలల్లో, అంటే మే నుంచి అక్టోబరు దాకా, సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఆ బోటు కదలదు. బీపీ, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఇలాంటి చోటు ఎంచుకోవద్దనే నేను గట్టిగా చెబుతాను, జీతం ఎంతైనా సరే.

5. ఊరు ఎంత పెద్దది?

షార్జాలో అద్దెలు దుబాయ్ కంటే తక్కువ. అందుకే మా చెల్లీ మరిదీ అక్కడ ఇల్లు తీసుకున్నారు. రెండు ఊళ్లూ పక్కపక్కనే, మ్యాప్‌లో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ పొద్దున అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద కార్లు కదలవు. స్కూల్లో ఏడింటికల్లా ఉండాలి, కాబట్టి చెల్లి నాలుగున్నరకి లేచి ఐదున్నరకి ఇంట్లోంచి బయటపడుతుంది. సాయంత్రం వచ్చి కాపీలు దిద్దుతూ కూర్చున్న చోటే నిద్రపోతుంది. మిగిలిన అద్దె డబ్బు ఎంతో తను చెప్పగలదు, పోయిన నిద్ర ఎంతో వీడియో కాల్‌లో మాకు కనపడుతోంది. ఇంటి గుమ్మం నుంచి క్లాసు గుమ్మానికి అరగంట దాటకుండా చూసుకోండి. టీచరు పని నిలబడి చేసే పని.

చిన్న ఊళ్లలో వేరే సుఖం ఉంది. థాయ్‌లాండ్, వియత్నాంలలో పెద్ద నగరాలు దాటితే అద్దెలు తగ్గుతాయి, బజారులో పిల్లలు గుర్తుపట్టి పలకరిస్తారు. కందిపప్పు దొరకదు, తెలుగు మాట వినపడదు, అది కూడా నిజమే. నా ఉద్దేశంలో మొదటి ఏడాదికి విజయనగరమంత ఊరు మంచిది. పెద్దాసుపత్రి, మార్కెట్టు, స్టేషను లాంటివి అన్నీ ఉండి, ఈ మూల నుంచి ఆ మూలకి అరగంటలో వెళ్లిపోగలిగే ఊరు. అలవాటయ్యాక రెండో ఏడాది మీ ఇష్టం.

6. ఇంట్లో మనలా ఉండనిస్తారా?

దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. మాల్దీవుల్లోకి పూజా విగ్రహాలు తీసుకెళ్లకూడదు, కస్టమ్స్‌లో ఆపేస్తారు. నేను మూడేళ్లూ ఫోన్‌లో ఉన్న అరసవల్లి స్వామి ఫొటోకే దండం పెట్టుకున్నాను. యూఏఈలో గుళ్లు ఉన్నాయి, అబుదాబిలో 2024లో పెద్ద మందిరం కూడా తెరిచారు. కానీ అక్కడికి గసగసాలు పట్టుకెళ్లడం నేరం. అమ్మ దంచి ఇచ్చే మసాలాపొడిలో అవి ఉన్నాయేమో అడిగి మరీ కట్టించుకోండి. మనసుకి ఏది లేకపోతే కుదరదో ఎవరికి వాళ్లు ముందే తేల్చుకోవాలి. అక్కడికెళ్లాక తేల్చుకుంటే ఆ టెన్షన్ రోజూ ఉంటుంది.

7. ఇక్కడి నుంచి ఇల్లు ఖాయం చేయకండి

స్కూలు ఇల్లివ్వకపోతే, మొదటి నెలకి చిన్న లాడ్జి లాంటిదో, తోటి టీచరు ఇంట్లో గదో చూసుకోండి. ఆ నెలలో స్టాఫ్‌రూమ్‌లో క్యారేజీ తెచ్చుకునేవాళ్లతో పరిచయం పెంచుకోండి. ఇంట్లో వండుకునేవాళ్లకి ఏ వీధిలో ఏ ఇల్లు ఖాళీ అవుతోందో తెలుస్తుంది. నచ్చిన ఇల్లు రెండుసార్లు చూడండి, ఒకసారి స్కూలుకి బయల్దేరే వేళకి, ఒకసారి రాత్రి తొమ్మిదికి. ఆడవాళ్లు ఒంటరిగా ఉండేటట్లయితే బస్సు దిగిన చోటు నుంచి గుమ్మం దాకా లైట్లున్నాయా, తలుపుకి లోపలి గడియ ఉందా చూడాలి.

8. అగ్రిమెంటు, ఆఖరున ఫొటోలు

దుబాయ్‌లో ఏడాది అద్దెని వాయిదాలుగా చేసి, రాబోయే తేదీలు వేసిన చెక్కులు ముందే ఇవ్వమంటారు. చెక్కులు ఎన్నన్నది బేరమాడొచ్చు, ఎంత ఎక్కువ చెక్కులైతే మనకి అంత వెసులుబాటు. అగ్రిమెంటు ఈజారీలో, అంటే అక్కడి ప్రభుత్వ అద్దె రిజిస్ట్రేషన్‌లో, రిజిస్టర్ చేయించాలి. విల్లాని ప్లైవుడ్‌తో గదులుగా చీల్చి అద్దెకిచ్చే పార్టిషన్లు చవక, కానీ అనుమతి లేనివైతే తనిఖీ వచ్చిన రోజు సామానుతో రోడ్డు మీద ఉంటారు. థాయ్‌లాండ్‌లో మామూలుగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు. విదేశీయులు దిగిన 24 గంటల్లో ఇంటి ఓనరు ఇమిగ్రేషన్‌కి టీఎం-30 అనే ఫారం ఇవ్వాలి. ఇవ్వనంటే ఆ ఇల్లు వద్దు. కరెంటు యూనిట్‌కి ఎంత వేస్తారో కూడా అడగండి, కొన్ని అపార్ట్‌మెంట్లలో ప్రభుత్వ రేటు కంటే ఎక్కువ వేస్తారు. జపాన్‌లో రెయికిన్ అని ఓనరుకి ఇచ్చే డబ్బు తిరిగి రాదు, డిపాజిట్ వేరు.

తాళాలు తీసుకున్న రోజే, సామాను సర్దకముందే ఫొటోలు తీయండి. గోడ మీద మరకలు, పగిలిన టైలు, ఏసీ, గీజరు, మీటరు రీడింగు, అన్నీ. అవి ఓనరుకి అదే రోజు వాట్సాప్‌లో పంపండి, ఇంట్లోవాళ్లకీ ఒక కాపీ పంపి ఉంచండి. ఖాళీ చేసేనాడు డిపాజిట్ అడగాల్సి వచ్చినప్పుడు మీ ఫోన్ మారిపోయి ఉన్నా, అమ్మ ఫోన్‌లో అవి ఉంటాయి.