పాత డీజిల్ బండికి ఆయిల్ మీరే మార్చారా? కారుతోందా, ఆయిల్ లైటు ఆరట్లేదా?

టాటా 407 లాంటి పాత డీజిల్ బండికి ఇంజన్ ఆయిల్ మార్చడం పెద్ద విద్యేం కాదు. కింద నట్టు విప్పితే పాతది కారిపోతుంది, పైనుంచి కొత్తది పోస్తే నిండుతుంది. కష్టమల్లా మధ్యలో వచ్చే ఆయిల్ ఫిల్టరు రబ్బరు రింగు దగ్గరే. "నిన్ననే కొత్త ఆయిల్ పోశామండీ" అంటూ మర్నాడు తాడు కట్టి లాక్కొచ్చే బండ్లను చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. విప్పి చూస్తే చాలావాటిలో దొరికే దొంగ ఆ రింగే.

నేను చెప్పేది డీజిల్ పంపూ నాజిళ్లూ ఉన్న పాతకాలపు ఇంజన్ల సంగతి. 1986లో వచ్చిన 407, అందులోని 497 ఇంజన్, 697 ఇంజన్ లారీలు, పాత బొలెరో పికప్‌లు, ఇలాంటివి. పొగ మీద కొత్త నిబంధనలతో వచ్చిన బీఎస్-6 బండ్లకు ఆయిల్ గ్రేడే వేరు, వాటి జోలికి ఈ పద్ధతితో వెళ్లకండి.

సామాను

నట్టుకు సరిగ్గా పట్టే రింగు పానా, వెడల్పాటి తొట్టి, గరాటు, కాటన్ వేస్టు, కొత్త ఫిల్టరు, కొత్త రాగి వాచరు, టార్చిలైటు. ఆయిల్ 15డబ్ల్యు-40 తీసుకోండి. డబ్బా మీద సీహెచ్-4 అనో సీఐ-4 అనో ఉంటే చాలు. అంతకంటే ఖరీదైనది పోస్తే పాత ఇంజన్‌కి కొత్త ప్రాణం రాదు. ఎన్ని లీటర్లో బండి పుస్తకం చూసి కొనండి, పక్క బండి డ్రైవరన్న చెప్పిన లెక్క పనికిరాదు. 407 అన్న పేరు ఒకటే, లోపలి ఇంజన్లు మాత్రం మారుతూ వచ్చాయి.

జాకీ అక్కర్లేదు, పడుకుని దూరేంత ఎత్తు బండికి ఉంటుంది. తప్పనిసరైతే చక్రాలకు రాళ్లు, ఛాసిస్ కింద గట్టి దిమ్మలు పెట్టాకే దూరండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి వెళ్లేవాళ్లతో నేను మాట్లాడను కూడా.

పాత ఆయిల్ దింపడం

ఆయిల్ సాయంత్రమే మార్చాలి. బండి తిరిగొచ్చి, ఇంజన్ ఆపి అరగంట అయ్యాక. అప్పటికి చెయ్యి కాలదు, కానీ ఆయిల్ ఇంకా పల్చగా ఉండి మసిని తనతోపాటు కిందికి లాక్కొస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మార్చేవాళ్ల ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఆ మసి బురదలా మిగిలిపోతుంది, రెండు రోజులు తిరక్కుండానే కొత్త ఆయిల్లో కలుస్తుంది.

బండి చదునైన చోట ఉండాలి. పైన పోసే మూత ముందే తీసేయండి, ధార తేలిగ్గా పడుతుంది. నట్టు విప్పండి. ధార ఆగి చుక్కలు మొదలయ్యాక కూడా పావుగంట వదిలేయండి, ఈలోగా టీ తాగండి. తర్వాత కొత్త రాగి వాచరు వేసి, నట్టును ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. వేళ్లతో తిరగడం లేదంటే మర వంకరగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. వేళ్లతో ఆగిపోయాక పానాతో ఒక్క గట్టి బిగింపు. పానాకి పైపు తొడిగి వేలాడకండి. ఎయిర్ గన్ అసలే వద్దు. ఛాంబర్ మర పోయిందంటే అది ఆయిల్ డబ్బా ఖర్చుతో తేలే వ్యవహారం కాదు.

కొందరు నట్టు బిగించాక లోపల డీజిలో కిరోసినో పోసి ఐదు నిమిషాలు ఇంజన్ ఆడించి "కడుగుతారు". ఎంతో శుభ్రం చేశామన్న తృప్తి వాళ్లకి. డీజిల్‌కి బేరింగులను మోసే చిక్కదనం లేదు. క్రాంకు ఆ ఐదు నిమిషాలూ దాదాపు వట్టి లోహం మీద తిరుగుతుంది. పైగా నట్టు ఎంతసేపు తెరిచినా ఆ డీజిల్ మొత్తం బయటికి రాదు, మిగిలింది కొత్త ఆయిల్‌ని పల్చబరుస్తుంది. ఇంజన్ లోపల శుభ్రంగా ఉండాలంటే ఆయిల్ వేళకు మార్చండి, అంతకు మించిన కడుగుడు లేదు.

ఇక ఆ రింగు

పాత డీజిల్ ఇంజన్లకు ఫిల్టర్లు రెండు రకాలు. ఒకటి డబ్బా ఫిల్టరు: రేకు డబ్బాలా ఉంటుంది, మొత్తంగా తిప్పి తీసి పారేస్తాం. రెండోది గిన్నె ఫిల్టరు: లోహపు గిన్నె, లోపల కాగితం ఎలిమెంటు, మధ్యలో పొడవాటి బోల్టు. బోల్టు విప్పితే గిన్నె ఊడుతుంది, ఎలిమెంటు మాత్రమే మారుస్తాం. రెండింటిలోనూ ఇంజన్‌కీ ఫిల్టరుకీ నడుమ అడ్డు ఒక్క రబ్బరు రింగే.

డబ్బా రకంలో జరిగేది ఇది. పాత ఫిల్టరు ఊడి చేతికొస్తుంది, దాని రింగు మాత్రం వేడికి అతుక్కుపోయి ఇంజన్ వైపే ఉండిపోతుంది. నల్లటి లోహానికి అంటుకున్న నల్లటి రింగు, పైన నల్లటి ఆయిల్. చూపుకి ఆనదు. దాని మీదే కొత్త ఫిల్టరు తన రింగుతో సహా బిగిస్తారు. రబ్బరు మీద రబ్బరు. సెల్ఫ్ కొట్టగానే కారదు, స్లోలో నడుస్తున్నప్పుడూ కారదు, అందుకే అంతా బాగుందనుకుంటారు. రోడ్డెక్కి స్పీడు పెంచి, ఆయిల్ ప్రెషరు పెరిగాక ఏదో ఒక పక్క రింగు బయటికి తన్నుకొస్తుంది. ఇక ఆయిల్‌ని రోడ్డు మీదికి తోడేసేది ఇంజన్ లోపలి పంపే. ఛాంబర్ ఖాళీ అవడానికి నిమిషాలు చాలు. పగటి ఎండలో ఆయిల్ ప్రెషరు లైటు వెలిగిన సంగతి డ్రైవరు గమనించేలోపు బేరింగులు పట్టేస్తాయి.

కాబట్టి పాత ఫిల్టరు చేతికి రాగానే దాన్ని తిరగేసి చూడండి. రింగు దానికే ఉందా? ఉంటే మంచిది. లేకపోతే ఎక్కడుందో చెప్పక్కర్లేదు కదా. ఉన్నా సరే, ఇంజన్ వైపు ముఖాన్ని వేస్టుతో తుడిచి, టార్చి వేసి, వేలితో చుట్టూ తడిమి చూడండి. కంటిని నమ్మకండి, వేలికి మాత్రమే తెలుస్తుంది. లోహం గట్టిగా, నున్నగా తగలాలి. మెత్తగా ఏమాత్రం తగిలినా అది పాత రింగే.

గిన్నె రకం ఇంకా మోసకారి. దాని రింగు పై తలలో చెక్కిన గాడిలో కూర్చుంటుంది. ఏళ్ల తరబడి వేడి తిని చెక్కలా గట్టిపడి, గాడి అడుగే అదన్నట్టు కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూడరు, చూసినవాళ్లు కొందరు "బాగానే ఉందిలే" అని వదిలేస్తారు. కొత్త ఎలిమెంటు పెట్టెలో కొత్త రింగు ఇచ్చేది పెట్టెకు అందం కోసం కాదు. లావు సూదితోనో, మొన వంచిన తీగతోనో పాతదాన్ని ఒక చోట పైకి లేపి లాగండి. ముక్కలుగా వస్తే ప్రతి ముక్కా తీయండి, చిన్న తునక మిగిలినా అక్కడ కొత్త రింగు ఎత్తుగా కూర్చుని కారుతుంది. స్క్రూడ్రైవరుతో గాడిని గీకకండి, ఆ గీత గుండా ఆయిల్ దారి చేసుకుంటుంది. గాడి తుడిచాక కొత్త రింగుకి కొత్త ఆయిల్ రాసి, మెలి పడకుండా చుట్టూ వేలితో నొక్కుతూ కూర్చోబెట్టండి. రింగు సాగదీసి పెట్టాల్సొస్తోందంటే అది మీ ఇంజన్ది కాదు.

గిన్నెలో ఇంకో ఉచ్చు ఉంది. ఎలిమెంటు అడుగున చిన్న స్ప్రింగు, దాని మీద వాచరు ఉంటాయి. పాత ఎలిమెంటుకు అంటుకుని అవి కూడా చెత్తబుట్టలోకి పోతాయి. అవి లేకుండా బిగించినా ఇంజన్ నడుస్తుంది, ఏ లీకూ ఉండదు. కానీ ఎలిమెంటు పైకి నొక్కుకోదు, ఆయిల్ వడగట్టకుండానే పక్కనుంచి పోతుంది. పాత ఎలిమెంటును పారేసే ముందు స్ప్రింగూ వాచరూ మీ చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి.

రింగు దగ్గర సీలెంటు ట్యూబు పిండేవాళ్లకు ఒక మాట. వద్దు. ఎండిన ముక్క ఊడి లోపలికి పోతే ఆయిల్ దారులు మూసుకుంటాయి. కొత్త రింగు, శుభ్రమైన ముఖం ఉంటే ఏ పేస్టూ అక్కర్లేదు.

డబ్బా ఫిల్టరును చేత్తోనే బిగించండి. రింగు లోహానికి తాకాక ముప్పావు చుట్టు, లేదా ఆ ఫిల్టరు మీద ఎంత రాసుంటే అంత. నోరు పైకి ఉండేలా నిటారుగా కూర్చునే ఫిల్టరైతే ముందే ఆయిల్ నింపి పెట్టాలి. నింపేటప్పుడు అంచునున్న చిన్న రంధ్రాల్లో పోయండి, మధ్య రంధ్రంలో కాదు. మధ్యది వడగట్టిన ఆయిల్ ఇంజన్లోకి వెళ్లే దారి. అక్కడ పోస్తే గరాటుకున్న దుమ్ము సరాసరి బేరింగులకు చేరుతుంది.

పోయడం, స్టార్టు చేయడం

పుస్తకం చెప్పిన దానికి అర లీటరు తక్కువ పోసి, పది నిమిషాలాగి ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ చూడండి. గీతల మధ్యకు వస్తే చాలు. తర్వాత ఇంజన్‌కి డీజిల్ ఆపే స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, ఒక్కో విడత పది సెకన్లకు మించకుండా. ఇంజన్ అందుకోదు, కానీ పంపు ఆయిల్‌ని పైకి ఎక్కిస్తుంది. లైటు ఆరిందంటే కేబుల్ వదిలి స్టార్టు చేయండి. రేస్ చేయకండి. రెండు నిమిషాలు స్లోలో ఆడించి, కిందికి వంగి ఫిల్టరు, నట్టు చూడండి. తర్వాత కాస్త రేస్ ఇచ్చి పట్టుకోమని ఎవరికైనా చెప్పి మళ్లీ చూడండి. ఆ రెండో చూపే అసలుది, రింగు బండారం అప్పుడే బయటపడుతుంది. ఇంజన్ ఆపాక డిప్‌స్టిక్ మళ్లీ చూసి, తగ్గినంత పోయండి.

ఏదో తేడాగా ఉందా?

స్టార్టయ్యాక కూడా పది సెకన్లలో లైటు ఆరకపోతే వెంటనే ఆపేయండి. "కాసేపు నడిస్తే అదే ఆరుతుంది" అన్న సలహాతో పోయిన ఇంజన్లు కోకొల్లలు. ముందు డిప్‌స్టిక్, తర్వాత ఫిల్టరు సరైనదేనా అన్నది, ఆ తర్వాత ప్రెషరు స్విచ్చి వైరు చూడండి. పని చేస్తూ మోచేయి తగిలి ఆ వైరు ఊడడం, ఛాసిస్‌కి తాకడం మామూలే. రాత్రంతా ఆయిల్ లేకుండా వదిలేసిన బండిలో పంపు గాలి పట్టి ఉండొచ్చు, స్టాప్ కేబుల్ లాగి ఇంకో రెండు విడతలు సెల్ఫ్ కొట్టండి. అప్పటికీ ఆరకపోతే మేస్త్రీని పిలవాల్సిందే.

మర్నాటికే ఆయిల్ నల్లబడితే కంగారు పడకండి. దుకాణంవాడు దొంగ ఆయిల్ అంటగట్టాడని గొడవకు వెళ్లేవాళ్లున్నారు. డీజిల్ ఇంజన్లో మసి పుడుతుంది, దాన్ని తనలో మోయడమే ఆయిల్ పని. పాత ఇంజన్లో వారమైనా తేటగా ఉన్న ఆయిల్‌నే నేను అనుమానిస్తాను.

ఆయిల్ మట్టం రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం సంతోషించకండి. అది డీజిల్. డిప్‌స్టిక్ వాసన చూడండి, ఒక చుక్క టిష్యూ కాగితం మీద వేసి చూడండి. మసి మరక చుట్టూ పల్చటి తడి వలయం వేగంగా పాకితే డీజిల్ కలిసినట్టే. కారే నాజిల్, ఫీడ్ పంపు, పెద్ద పంపు సీళ్లు, ఈ వరసలో చూపించండి. పాలు కలిపిన టీ రంగులోకి మారితే అందులో నీళ్లున్నాయి. హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ కూలర్, లైనర్ రింగులు చూడాలి. రేడియేటర్ నీళ్లు కూడా తగ్గుతుంటే ఇక బండి కదపకండి. చలికాలం పొద్దున మూత లోపలివైపు మాత్రమే కాస్త తెల్లటి నురగ ఉండి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే అది చెమ్మ, దానికి భయపడక్కర్లేదు.

పై గీత దాటి పోశారా? నట్టు వదులు చేసి కొంత తీసేయండి. "ఎక్కువుంటే మంచిదే" అన్నది డీజిల్ ఇంజన్ విషయంలో ప్రమాదకరమైన మాట. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా గాలి దారిలోకి వెళ్తే ఇంజన్ దాన్నే ఇంధనంగా కాలుస్తుంది, వేగం దానంతటదే పెరిగిపోతుంది. అప్పుడు స్టాప్ కేబుల్ లాగినా ఆగదు, ఎందుకంటే అది ఆపేది డీజిల్‌ని మాత్రమే. గాలి వెళ్లే నోటికి గట్టి చెక్కో పలకో అడ్డం పెట్టి ఊపిరాడకుండా చేయాలి. చెయ్యి పెట్టకండి. అప్పటికే రేసు శిఖరానికి చేరితే దగ్గరికి కూడా వెళ్లకండి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్న వాదన ఎప్పుడూ ఉండేదే. ఒకప్పటి డీజిల్‌లో గంధకం ఎక్కువ, కాలినప్పుడు ఆమ్లమై ఆయిల్‌ని తొందరగా చంపేది. బీఎస్-3 డీజిల్‌లో పది లక్షల పాళ్లకు 350 పాళ్ల దాకా గంధకం ఉండొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో అది 10కి మించకూడదు. కాబట్టి గడువు రెట్టింపు చేసుకోవచ్చంటారు కొందరు. ఇంధనం మారింది నిజమే, మీ ఇంజన్లో అరిగిన పిస్టన్ రింగులు మారాయా? మసి అక్కణ్నుంచే కిందికి దిగుతుంది. ఇటుక బట్టీలకూ ఇసుక ర్యాంపులకూ తిరిగే బండికైతే పుస్తకంలోని గడువుకన్నా ముందే మార్చాలి.

తీసిన పాత ఆయిల్‌ని డబ్బాలోకి ఎత్తి గట్టిగా మూత పెట్టండి. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. కాలవలో పోయడం, చెద పట్టకుండా దూలాలకు పూయడం, దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లడం మానండి. రీసైక్లింగుకు పంపే షెడ్డు దగ్గరలో ఏదో కనుక్కుని అక్కడ ఇవ్వండి. నట్టునూ ఫిల్టరునూ వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి వేలితో తడిమి చూడండి. కిలోమీటర్ల రీడింగు మాత్రం తలుపు లోపల మార్కరుతో రాసి పెట్టండి, స్టిక్కర్లు రెండు వానలకే ఊడిపోతాయి.