‘ఛార్జ్’ అన్నప్పుడల్లా ఏ ఛార్జో పట్టుకోవడం ఎలా

ఏదో ఒక రోజు పేపర్ ముందేసుకోండి. మొదటి పేజీలో బస్సు ఛార్జీలు పెరిగాయంటారు, దాని కిందే ఎవరి మీదో ఛార్జిషీటు, జిల్లా పేజీలోకి వెళ్తే ధర్నా దగ్గర లాఠీఛార్జి, కొత్త కలెక్టర్ ఛార్జ్ తీసుకున్నారు, ఇన్‌ఛార్జి మంత్రి సమీక్ష పెట్టారు. ఇక ఇంట్లో ఎవరైనా “ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది” అంటే నిండిందనా, ఖాళీ అయిందనా? చెప్పేవాళ్ల మొహం చూస్తే గానీ తెలీదు.

అర్థాలన్నీ బట్టీ పట్టక్కర్లేదు, “ఇక్కడ ఎవరి మీద ఏం మోపారు?” అని అడిగి చూడండి. ఈ మాట మూలం లాటిన్‌లో బండి, ఆ బండికి బరువెక్కించడం నుంచి ఛార్జ్ వచ్చింది. మనమూ అంతేగా, పన్ను మోపుతాం, నేరం మోపుతాం, బాధ్యత మోపుతాం. మోపింది డబ్బయితే ఛార్జీ, నేరమైతే అభియోగం, బాధ్యతయితే ఇన్‌ఛార్జి. లాఠీఛార్జికి మాత్రం ఈ చిట్కా పనిచేయదు, అది మీద పడటం, పాత యుద్ధాల్లో గుర్రపు దళం దూకినట్టు.

డబ్బు సంగతి తేలిక, చివర “లు” ఉంటే దాదాపు డబ్బే. కరెంటు బిల్లులో ఎనర్జీ ఛార్జీలు మీరు కాల్చిన యూనిట్లకు, ఫిక్స్‌డ్ ఛార్జీలు మీ కనెక్షన్ లోడుకు, ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా అవి తప్పవు. హోటల్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ కనిపిస్తే అది ప్రభుత్వ పన్ను కాదు. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది.

కోర్టు వార్తల దగ్గరే చాలామంది తడబడతారు. ఛార్జిషీటు వేసేది పోలీసులు, దర్యాప్తయ్యాక కోర్టుకు ఇచ్చే నివేదిక అది. దాంతో నేరం రుజువైనట్టు కాదు సరికదా, విచారణ కూడా ఇంకా మొదలవలేదు. ఆ కాగితాలు చూసి, ఫలానా నేరాలకు విచారించవచ్చు అనుకుంటే అప్పుడు కోర్టు అభియోగాలు నమోదు చేస్తుంది, ఇంగ్లిష్ పేపర్లు “ఛార్జెస్ ఫ్రేమ్” అని రాసేది దీన్నే. ఇక్కడ “ఛార్జెస్” బహువచనమే అయినా డబ్బు కాదు, చూశారుగా. నిందితుడు రిమాండులో ఉంటే కేసు తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడాలి, పడకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది, అందుకే గడువు దగ్గర పడేకొద్దీ పోలీసులకు టెన్షన్.

సైన్సులో ఛార్జ్ అంటే విద్యుదావేశం, దాని కొలత కూలుంబ్. ఒక ఆంపియర్ కరెంటు ఒక సెకను పారితే ఒక కూలుంబ్. ఫోన్ డబ్బా మీద 5000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్) అని రాసేది కూడా ఛార్జ్ లెక్కే, కూలుంబుల్లో 18,000. తమాషా ఏంటంటే ఛార్జింగ్ పెట్టినంత మాత్రాన బ్యాటరీలో మొత్తం ఆవేశం పెరగదు, లోపల లిథియం అయాన్లు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు జరుగుతాయంతే. నిండేది శక్తి, దాని కొలత వాట్ అవర్.

ఈ తేడా పవర్ బ్యాంక్ కొనేటప్పుడు పనికొస్తుంది. 10,000 ఎంఏహెచ్ అని పెద్దక్షరాల్లో ఉండేది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర అంటే 37 వాట్ అవర్లు. బయటికి 5 వోల్టుల్లో ఇస్తుంది కాబట్టి కాగితం మీదే 7,400కి పడిపోతుంది, వేడిగా పోయేది ఇంకొంత. డబ్బా వెనక చిన్నక్షరాల్లో “రేటెడ్ కెపాసిటీ” చూడండి, అసలు అంకె అది. విమానంలోకి తీసుకెళ్లాలన్నా వాట్ అవర్లే చూస్తారు, మామూలుగా 100 వరకు, అదీ చేతి సంచిలోనే.

ముందు “డిస్” తగిలితే మోసిన బరువు దింపేశారని అర్థం. ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయితే ఇంటికి, కోర్టు డిశ్చార్జ్ చేస్తే విచారణ దాకా వెళ్లకుండానే కేసు నుంచి బయటికి (విచారణ జరిగాక నిర్దోషి అని తేల్చడం వేరు). అదే ప్రకాశం బ్యారేజీ దగ్గర డిశ్చార్జ్ లక్ష క్యూసెక్కులు అన్నారనుకోండి, కిందికి వదులుతున్న నీళ్లు. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైమాట, లంక గ్రామాల్లో ఉన్నవాళ్లు ముందు ఆ అంకె చూసుకోవాలి.