మెడికల్ కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడం ఎలా? డబ్బు, దూరం, మనుషులు

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. నీట్ ర్యాంకులు వచ్చాక మా ఇంట్లో భోజనాల బల్ల మీద అన్నం పెట్టుకునే చోటుండదు. సాయంత్రానికి రెండు మూడు కుటుంబాలు దిగుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "మాస్టారూ, మావాడికి ఎక్కడొస్తుంది?" ఎక్కడొస్తుందో తర్వాత సంగతి. ఎక్కడ కావాలో, ఏ వరుసలో ఆప్షన్లు పెట్టాలో ఎవరూ తేల్చుకుని రారు.

తెచ్చుకోవాల్సినవి: ర్యాంకు కార్డు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు, విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ప్రింటు, పోయినేడాది కాలేజీల వారీ అలాట్‌మెంట్ జాబితా, ఒక నోటుబుక్, పెన్ను. పెన్సిల్ వద్దు. ఫోన్లో కాలేజీ ప్రెడిక్టర్ యాప్ ఉంటే తీసేయండి.

మొదటి పని సులువు. ఎక్కడెక్కడ అర్హత ఉందో రాసుకోండి. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటాకు పోతాయి. వాటికీ, మంగళగిరి ఎయిమ్స్‌కూ ఎంసీసీ (కేంద్రం నడిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లో విడిగా పెట్టుకోవాలి. పక్క ఊరే కదా అని ఎయిమ్స్‌లో మనకు లోకల్ కోటా ఉండదు. మిగతావి విజయవాడ యూనివర్సిటీ నింపుతుంది. అందులో 85 శాతం ఆ ప్రాంతం లోకల్ పిల్లలకే. గుంటూరు, కృష్ణా ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ) ప్రాంతం కిందకు వస్తాయి, కర్నూలు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం కిందకు. మన పిల్లలకు ఈ కౌన్సెలింగ్‌లో కర్నూల్లో సీటు రావాలంటే లోకల్ పోగా మిగిలిన 15 శాతంలోనే. ఇది తెలియక "మా బాబాయ్ వాళ్లు అక్కడే ఉన్నారండీ" అని వచ్చేవాళ్లు ఏటా ఉంటారు.

డబ్బు దగ్గర సీటు రకం ముందు చూడాలి, కాలేజీ పేరు తర్వాత. గవర్నమెంటు కాలేజీలోనైనా, ప్రైవేటులోనైనా 'ఎ' కేటగిరీ, అంటే ప్రభుత్వ కోటా కన్వీనర్ సీటుకు ట్యూషన్ ఫీజు ఏడాదికి వేలల్లోనే ఉంటుంది. ప్రైవేటులో బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీటు, 12 లక్షల పైమాటే. సి కేటగిరీ, అంటే ఎన్నారై సీటు, దానికి దాదాపు మూడింతలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే గానీ బి, సిలకు రాదు. కాబట్టి గవర్నమెంటు సీటుకూ ప్రైవేటు కన్వీనర్ సీటుకూ అసలు తేడా హాస్టల్, మెస్, 'ఇతర ఫీజుల' దగ్గర తేలుతుంది. ఆ అంకెలు ఆఫీసులో కాదు, సెకండియర్ పిల్లల్ని అడిగి రాసుకోండి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ముందు మీరే కట్టాల్సి రావచ్చు. ఆ మేరకు చేతిలో ఉంచుకోండి.

సంఘం ట్రస్టో, ఊరి ఎన్నారైలో చదివిస్తామంటే సంతోషమే. కాయితం అడగండి. ఏటా ఇస్తారా, ఈ ఒక్క ఏడాదేనా? ఒక సబ్జెక్టు తప్పితే ఆపేస్తారా? చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. శాలువా కప్పి ఇచ్చిన చెక్కు మొదటి ఏడాదితోనే ఆగిపోయిన పిల్లవాడు ఒకడు నాకు తెలుసు. శాలువా మాత్రం వాళ్లింట్లో ఇంకా ఉంది.

కాలేజీ చూడ్డానికి వెళ్తే భవనం చూడకండి. సోమవారం పొద్దున 9 గంటలకు ఓపీ దగ్గర నిలబడండి. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) అయితే పల్నాడు బస్సులు దిగి వచ్చినవాళ్లు, చేతిలో పాత ఎక్స్‌రే కవరు, చంకలో పసిపిల్ల, ఓపీ చీటీ కోసం తోపులాట. వైద్యం నేర్పేది ఆ జనమే. హైవే పక్కన అద్దాల మేడ ఒకటి చూశాను. లిఫ్టు ముందు పూలకుండీలు బాగున్నాయి. పైన మెడిసిన్ వార్డులో మంచాల మీద దుప్పట్లు మడత విప్పకుండా అలాగే ఉన్నాయి. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923 నాటిది, గుంటూరు 1946, విజయవాడ సిద్ధార్థ 1980 అని వయసు చూసి వరుస పెట్టేవాళ్లూ ఉన్నారు. వయసు పెళ్లి సంబంధాల్లో చూసుకోండి.

దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేయకండి. విశాఖ 350 కిలోమీటర్ల పైమాటే అయినా గుంటూరు నుంచి సింహాద్రి, విజయవాడ నుంచి రత్నాచల్ రైళ్లు ఉన్నాయి. ఎక్కి కూర్చుంటే దిగేదాకా లేవక్కర్లేదు. అదే విజయవాడలో ఉండి గుంటూరు కాలేజీకి రోజూ తిరుగుతానంటే నేను ఒప్పుకోను. అనాటమీ డిసెక్షన్ చేసొచ్చి వారధి మీద ట్రాఫిక్‌లో నిలబడ్డ పిల్ల రాత్రికి ఏం చదువుతుంది? ఫస్టియర్ హాస్టల్లోనే ఉండాలి, అంతే.

ఇక మనుషుల సంగతి. పోయినేడాది ఒకమ్మాయి, అమ్మానాన్నా చెప్పులేసుకుంటుంటే వెనక్కొచ్చి, "సార్, కర్నూలు మొదట పెట్టొచ్చా?" అని మెల్లగా అడిగింది. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పరిచయమట, అబ్బాయిది నంద్యాల. కోప్పడలేదు. "కంప్యూటర్‌కు మీరిద్దరూ తెలియదమ్మా. నీ ర్యాంకు నీదే, అతని ర్యాంకు అతనిదే. అతను లోకల్, నువ్వు కాదు. ఇంతకీ అతను మొదట ఏం పెట్టాడు?" అన్నాను. ఫోన్ చూసుకుంది. తిరుపతి. ఆ అమ్మాయి కర్నూలును నాలుగో చోట రాసుకుంది. తీసేయమని నేను అనలేదు. వరుస తనది.

అసలు కష్టం ఆ వరుస దగ్గరే.

మొదటి తప్పు, 'వచ్చే' కాలేజీని పైన పెట్టడం. పైన పెద్ద కాలేజీలు పెడితే ఆప్షన్ వృథా అవుతుందని భయం. అలా ఏమీ కాదు. ర్యాంకుల ప్రకారం ఒక్కొక్కరి జాబితానూ పైనుంచి కిందికి చూస్తూ, మీ కేటగిరీలో ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తారు. రాని కాలేజీ పైన ఉంటే కిందివాటికి నష్టం లేదు. మూడోదిగా ఉండాల్సినదాన్ని ఒకటోదిగా పెడితే మాత్రం అదే వస్తుంది. దాని కింద ఏముందో ఇక చూడరు.

రెండో తప్పుకు మందు లేదు. ఒకబ్బాయికి మొదటి రౌండ్‌లో గుంటూరు వచ్చింది. తల్లికి వారానికి మూడుసార్లు డయాలసిస్, తీసుకెళ్లేది ఇతనే. ఇల్లంతా సంతోషపడ్డారు. కానీ ఆప్షన్లలో గుంటూరు పైన విశాఖ ఉంది. "పెద్ద కాలేజీ కదా, ఎలాగూ రాదు" అని మామయ్య పెట్టించాడు. రెండో రౌండ్‌లో విశాఖ వచ్చింది. అలా వస్తే పాత సీటు దానంతటదే పోతుంది, ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఏడ్చినా తిరిగి రాదు. ఇప్పుడు వాళ్ల నాన్న షాపు మూసి డయాలసిస్‌కు తీసుకెళ్తున్నాడు.

అందుకే జాబితాను కింది నుంచి పైకి కట్టిస్తాను. కాలేజీల పేర్లు చీటీల మీద రాసి, రెండేసి తీసి అడుగుతాను: "ఇది నీ చేతిలో ఉంది. నిన్ను అడక్కుండా తీసేసుకుని అది ఇస్తారు. సరేనా?" సరే అంటేనే అది పైకి వెళ్తుంది. పిల్లో పిల్లాడో నీళ్లు నమిలితే అక్కడ ఆగాలి. అమ్మ ఆరోగ్యం, అప్పు, తోడు, ఏదో ఒకటి ఆ నీళ్లు నమలడంలోంచి బయటికొస్తుంది. ఇది జరిగే అరగంటా నాన్నల్ని శంకర్‌విలాస్ సెంటర్‌కు టీకి పంపిస్తాను. ఒక ఇంజనీరుగారు ఎక్సెల్ షీటు తెచ్చారు. ఫీజుకు 30 మార్కులు, దూరానికి 20, ఇలా. తనకు నచ్చిన కాలేజీ పైకి వచ్చేదాకా ఆ మార్కులు సవరిస్తూ కూర్చున్నారు. చీటీలతో ఆ ఆట కుదరదు.

వరుస తేలాక పిల్లల చేత్తోనే నోటుబుక్‌లో రాయించండి. తర్వాతే కంప్యూటర్. ఒకరు కాలేజీ కోడ్‌తో సహా చదవాలి, ఒకరు స్క్రీన్ మీద సరిచూడాలి. చదివేది అమ్మ అయితే నయం. నాన్నలు మధ్యలో ఆగి, "ఇది కాస్త పైకి జరిపితే?" అంటారు. సేవ్ చేసి ప్రింటు తీసుకోండి. ఆ నోటుబుక్ పేజీ చించకండి. ఈ ఆప్షన్లే తర్వాతి రౌండ్లకూ వాడతారో, మళ్లీ పెట్టమంటారో నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. మళ్లీ పెట్టమంటే ఆ పేజీయే ముందేసుకుని కూర్చోండి.